తెనాలి కుర్చీ కోసం స్పానిష్

స్పానిష్ ఎందుకు నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, కొత్త భాష మీద ఇష్టంతో అని చెప్పాలని ఉంటుంది. అది అబద్ధం. ఒక మనిషి నలుగురి ముందు అన్న మాటను అతని చేతే నిలబెట్టించాలని నేర్చుకున్నాను.

ఆ మనిషి మా మేనేజరు. రేపల్లె అవతల రొయ్యల ప్లాంటులో నేను క్లర్కుగా చేసేదాన్ని. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల తలలు తీసి, కడిగి, గడ్డకట్టించి, అట్టపెట్టెల్లో పెట్టి విదేశాలకు పంపేవాళ్ళు. ఏ పెట్టె మీద ఏ లేబుల్ అంటించారో, కోల్డ్ స్టోరులో ఏ వరసలో పెట్టారో చూసి రాసుకోవడం నా పని. మా సరుకులో ఎక్కువ భాగం స్పెయిన్ వెళ్ళేది కాబట్టి లేబుళ్ళు ఆ భాషలోనే ఉండేవి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అక్షరం అక్షరం చూసి దింపేదాన్ని.

ఉండేది తెనాలిలో, అక్కావాళ్ళింట్లో. పొద్దున్నే రేపల్లె పాసింజరు, అక్కడి నుంచి షేర్ ఆటో. సాయంత్రం మళ్ళీ అదే ఆటో, అదే పాసింజరు. కంపెనీకి తెనాలిలో చిన్న ఆఫీసు ఉండేది. అక్కావాళ్ళింటికి పది నిమిషాల నడక. ఆ ఆఫీసులో కిటికీ పక్కన ఒక కుర్చీ చాలాకాలంగా ఖాళీగా ఉందని నాకు తెలుసు. స్వెటరు వేసుకోకుండా కూర్చుని పనిచేసే చోటు ఎలా ఉంటుందో చూడాలని నాకు ఉండేది.

అది ఉత్త కోరికగా ఉన్నంతకాలం నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. ఒకరోజు నేను కోల్డ్ స్టోరు లోపల వరసలు లెక్కపెట్టుకుంటుండగా బయట తలుపు వేసేశారు. లోపలి నుంచి తెరిచే గుబ్బ మంచు పట్టి బిగుసుకుపోయింది. బాదాను. ఆ తలుపు జానెడు మందం. అరిస్తే నా గొంతు నాకే వినిపించింది. లోపల మైనస్ పద్దెనిమిది. ఊపిరి వదిలితే ముఖం ముందే తెల్లగా ఆగిపోయేది. సూపర్‌వైజరు ఫోన్ మాట్లాడటం పూర్తిచేసుకుని వచ్చి తీసేసరికి నా వేళ్ళు పెన్నుని వదలడం లేదు.

ఆ తలుపు గుబ్బ బాగుచేయించమని కాగితం రాసి మేనేజరుకి ఇచ్చాను. ఆయన చదివి, గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడేట్టు అన్నాడు. "ఐదు నిమిషాలేగా అమ్మాయ్. రొయ్యలు ఆర్నెల్లు ఉంటున్నాయ్ లోపల. అవేమన్నా కాగితాలు రాస్తన్నాయా?"

నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఎక్కడ నుంచున్నారో ఇవాళ్టికీ వరసగా చెప్పగలను. నేను కదల్లేదు. అయితే నన్ను తెనాలి ఆఫీసుకి మార్చమన్నాను.

"అక్కడ స్పెయిన్ పార్టీ మెయిళ్ళు చూసుకోవాలమ్మా. స్పానిష్ నేర్చుకుని రా. ఆ కుర్చీ నీకే."

మళ్ళీ నవ్వారు. ఆయన అది వేళాకోళంగానే అన్నాడని నాకు తెలియక కాదు. కానీ మాట మాటే.

తెనాలి మార్కెట్ దగ్గర ఒక నెట్ సెంటరు ఉండేది. అప్పటికి అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ, కంప్యూటరు కావాలంటే నెట్ సెంటరుకే వెళ్ళాలి. దాన్ని నడిపే ఆయన్ని అందరూ భాయ్ అనేవాళ్ళు. ఆయనే వెతికిపెట్టాడు, స్పెయిన్‌లోని ఒక విశ్వవిద్యాలయం ఏమీ రానివాళ్ళకి ఇంటర్నెట్‌లో స్పానిష్ నేర్పుతోందని. పన్నెండు పాఠాలు, పాఠానికొక పరీక్ష, చివర్లో టీచరుతో ఎదురెదురుగా మాట్లాడే పరీక్ష. పాసైతే సర్టిఫికెట్.

ఆరు క్యాబిన్లుండగా భాయ్ ప్రతిసారీ నాకు నాలుగోదే ఇచ్చేవాడు. మూడు వైపులా ప్లైవుడ్, వెనక లాగి కట్టేసిన పరదా. మోకాళ్ళు సీపీయూకి కొట్టుకునేవి. హెడ్‌ఫోన్‌లో ఒక చెవి పనిచేసేది కాదు. రెండో క్యాబిన్‌లో అన్నీ బాగుంటాయని తెలుసుకుని అడిగితే, "ఆడపిల్లలకి కౌంటర్‌లోంచి కనపడే క్యాబినే ఇస్తానమ్మా, రేపు ఎవరన్నా ఏమన్నా అంటే నా షాపుకి మాటొస్తది," అన్నాడు. నా మంచికే అన్నాడు. అయినా ఆరు నెలల పాటు స్పానిష్ అంతా నేను ఎడమ చెవితోనే నేర్చుకున్నాను.

శని, ఆదివారాల సాయంత్రాలు పాఠం వినడం, పొడుగు నోటుబుక్‌లో తెలుగు అక్షరాల్లో దింపుకోవడం, వారమంతా పాసింజర్లో బట్టీ పట్టడం. లేబుళ్ళ మీద నేను కాంజెలాడో అని చదువుకునే మాటని కొంహెలాదో అనాలనీ, గడ్డకట్టినది అని దాని అర్థమనీ మూడో పాఠంలో తెలిసింది. ప్లాంటులో చెబితే ఎవరికీ పట్టలేదు. ఇంట్లో బావ, "ఏం మరదలా, రొయ్యలతో మాట్లాడుకోడానికా?" అన్నాడు. అక్క ఆయన్ని ఆపలేదు. అదీ గుర్తుంది.

నాకు బట్టీ పట్టడం మా సొంతూరు బాపట్లలో అలవాటైంది. మేము లూథరన్ క్రైస్తవుల పిల్లలం. చిన్నప్పుడు ఆదివారం బడిలో బైబిలు కంఠత వాక్యాల పోటీ పెట్టేవాళ్ళు. చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ముందు అధ్యాయం సంఖ్య, వచనం సంఖ్య చెప్పి, తర్వాత వాక్యం చెప్పి, చివర మళ్ళీ ఆ సంఖ్యలు చెప్పాలి. ఎక్కడా తడబడకూడదు. మధ్యలో కళ్ళు తెరిస్తే ఓడిపోయినట్టే. నేను ఐదేళ్ళు వరసగా గెలిచాను. ఆరో ఏడు నాకు ఇవ్వాల్సిన బహుమతి పాస్టరుగారి మేనకోడలికి ఇచ్చారు. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

మాట్లాడే పరీక్ష నాడు నాలుగో క్యాబిన్‌లో తెర మీద ఒక నడివయసు ఆవిడ కనిపించింది. అక్కడ వాళ్ళకి మధ్యాహ్నం. వెనక కిటికీలో ఎండ. నవ్వుతూ పలకరించి, మీ కుటుంబం గురించి చెప్పమంది. నేను చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాను. నాలుగో పాఠం, రెండో పేరా అని స్పానిష్‌లో చెప్పి, పేరా మొత్తం చెప్పి, మళ్ళీ నాలుగో పాఠం, రెండో పేరా అని ముగించాను. ఒక్క తప్పు లేదు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ నవ్వడం మానేసి ఉంది. మీ ఊళ్ళో వాతావరణం ఎలా ఉందని అడిగింది. ఏడో పాఠం, ఒకటో పేరా. ఇంకో రెండు అడిగింది. రెండూ అప్పజెప్పాను. లేచి బయటికి వచ్చి భాయ్‌తో నూటికి నూరు అని చెప్పాను.

వారానికి మెయిలొచ్చింది. నేను చూసి చదివి ఉంటాననీ, లేదంటే హెడ్‌ఫోన్‌లో ఎవరో చెబుతుంటే విని చెప్పి ఉంటాననీ, బయటి సహాయం తీసుకున్నానన్న అనుమానంతో ఫలితం నిలిపివేశామనీ రాశారు.

కళ్ళు మూసుకున్న మనిషి చూసి చదవడం ఏమిటి? నా హెడ్‌ఫోన్‌లో వినబడేదే సగం. ఇదంతా వివరంగా ఇంగ్లీషులో రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. మొత్తం ఏడు ఫిర్యాదులు. ఏడోదాంట్లో మా ఆదివారం బడి సంగతి, సంఖ్యలు ముందూ వెనకా చెప్పే పద్ధతి కూడా రాశాను. అప్పుడు కదిలారు. ఇంకో అవకాశం ఇస్తామన్నారు. కానీ మూసిన గదిలో నేనొక్కదాన్నే ఉండాలి, కెమెరా తిప్పి గదంతా చూపించాలి, హెడ్‌ఫోన్ పెట్టుకోకూడదు. పదిహేను రోజులు గడువు. దొంగని సోదా చేసినట్టే. ముందు క్షమాపణ చెప్పండి, తర్వాత పరీక్ష అని ఎనిమిదో ఉత్తరం రాసి పెట్టుకున్నాను. పంపితే గడువు దాటిపోతుంది. గడువు దాటితే కుర్చీ పోతుంది. ఆ ఉత్తరం పంపకుండా ఉండటానికి నేను పడ్డ బాధ ఎవరికీ చెప్పుకునేది కాదు.

నెట్ సెంటరులో మనిషి లేని గది ఎక్కడిది? బాపట్లలో మా ఆదివారం బడి టీచరమ్మ అప్పటికి చర్చి స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. అక్కడ కంప్యూటర్ గది ఉంది. వెళ్ళి జరిగింది చెప్పాను.

"పరీక్షలో కళ్ళు మూసుకున్నావా?" అంది.

"మీరేగా అండి అట్టా నేర్పింది."

"దేవుడికి చెప్పేటప్పుడు మూసుకోమన్నానే. ఎదురుగా మనిషి కూర్చుని అడుగుతుంటే మూసుకోమన్నానా?"

పోటీల్లో మా ఎదురుగా కూర్చున్నది దేవుడు కాదు, మార్కులు వేసే ముగ్గురు పెద్దవాళ్ళు. అది అప్పుడే అనాల్సింది. గది కావాలి కాబట్టి ఊరుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, స్కూల్లో ఎవరూ లేని సమయంలో పరీక్ష. పిల్లలు తోసుకుని రాకుండా బయట తాళం వేసి మెట్ల మీద కూర్చుంటానంది టీచరమ్మ. సరేనన్నాను. తాళం పడిన చప్పుడు వినగానే మాత్రం నా వేళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. ఎండాకాలం బాపట్ల, ఫ్యాన్ తిరుగుతోంది, చెమట కారుతోంది. అయినా ఒళ్ళు దాని లెక్క అది వేసుకుంది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నెట్టి చూశాను. రాలేదు. బయటి నుంచి "ఏంటే?" అంది టీచరమ్మ. ఏం లేదండి అని వచ్చి కూర్చున్నాను.

తెర మీద అదే ఆవిడ. కెమెరా తిప్పి గదంతా చూపించాను. కుటుంబం అడుగుతుందేమో, వాతావరణం అడుగుతుందేమో అని ఎదురుచూశాను. పాఠాల్లో ఉన్నది ఏదీ అడగలేదు. ఇప్పుడు నువ్వు ఎక్కడున్నావో, నీ చుట్టూ ఏముందో చెప్పు, అంది.

దానికి పేరా లేదు. పన్నెండు పాఠాలూ గబగబా వెతుక్కున్నాను. కళ్ళు మూతపడబోతే బలవంతాన తెరిచి ఉంచాను. ఎదురుగా తలుపు కనిపించింది. పుయెర్తా, అన్నాను. తలుపు. తలుపు మూసి ఉంది. తాళంచెవి బయట ఉంది. నేను లోపల ఉన్నాను. కిటికీ ఉంది, కిటికీకి ఊచలు ఉన్నాయి అనబోతే ఊచలు అనే మాట రాలేదు. చేత్తో చూపించాను. వేడిగా ఉంది. నా పని చోటు చల్లగా ఉంటుంది. అక్కడ కూడా తలుపు ఉంది. నాకు ఆ తలుపు వద్దు. ఒక్కొక్క మాటా బావిలోంచి చేదుకున్నట్టే వచ్చింది. కొన్ని తప్పుగా వచ్చాయి. తప్పుగా వస్తున్నాయని తెలుస్తూనే ఉంది.

నీకు భయంగా ఉందా, అని అడిగింది.

లేదు, కోపంగా ఉంది, అన్నాను.

ఎందుకని అడిగింది. అప్పుడు ఆమె కళ్ళలోకి చూసి చెప్పాను. నా దగ్గర ఒక మనిషి ఉన్నాడని మీరు రాశారు. మనిషి లేడు. ఆ రోజు లేడు. ఇవాళ లేడు. సోలా. ఒక్కదాన్నే.

ఆవిడ తల ఊపి, కాగితం మీద ఏదో రాసుకుని, చాలు అంది.

రెండు వారాలకి ఫలితం వచ్చింది. పాస్. మార్కులు మొదటిసారి నేను అనుకున్నంత లేవు. సహాయం గురించిన వ్యాఖ్యను రికార్డులోంచి తీసేశామని ఒక వాక్యం ఉంది. క్షమించమన్న మాట లేదు. ఇప్పటికీ రాలేదు.

సర్టిఫికెట్ ప్రింటు తీయించి, సోమవారం పొద్దున్నే మేనేజరు బల్ల మీద పెట్టాను. గదిలో ఆ రోజు నవ్వినవాళ్ళలో ముగ్గురున్నారు. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. చెప్పొద్దూ, మెచ్చుకున్నాడు. వెంటనే ఒక పెట్టె తెప్పించి లేబుల్ చదవమన్నాడు. చదివి అర్థం చెప్పాను.

"శభాష్. లేబుళ్ళలో తప్పులు పోతన్నాయని స్పెయిన్ వాళ్ళు మూణ్ణెల్ల నుంచి గోల. ఇంక బాధ లేదు. ఇక్కడే అన్నీ నువ్వు చూసుకో."

"తెనాలి ఆఫీసు సార్?"

"నిన్ను తెనాలి పంపిస్తే ఇక్కడ ఇవెవరు చదువుతారమ్మా?"

"ఆ కుర్చీ నాదేనని మీరే అన్నారండి. వీళ్ళందరి ముందు."

"అన్నాన్లే," అన్నాడు, ఏ వెటకారమూ లేకుండా. "అప్పుడు నీకు రాదుగా."

బయటికి వచ్చి బదిలీ కోరుతూ దరఖాస్తు రాశాను. రెండో కాపీ మీద అందినట్టు సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. ఆ కాపీ నా దగ్గర ఉంది. ఆ తర్వాతవి పదకొండూ ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే కొత్త లేబుళ్ళ కట్టలు వచ్చాయి. అవి అంటించిన పెట్టెల్ని బయట లారీకి ఎక్కిస్తున్నారు. నా బల్ల మీది కట్టలో పై లేబుల్ చూడగానే తప్పు కనిపించింది. ఏ తేదీలోపు వాడాలో చెప్పే వాక్యంలో ఒక మాట ఎగిరిపోయింది. ప్లాంటు మొత్తంలో అది తెలిసింది నాకొక్కదానికే. నేను నోరు మూసుకుంటే సరుకు వెళ్ళిపోతుంది. రెండు నెలలకి మేనేజరు మెడకి చుట్టుకుంటుంది. అలాంటివి ఓ నాలుగైతే, ఈమె చదివి ప్రయోజనం లేదని వాళ్ళే అంటారు. అప్పుడు నన్ను ఇక్కడ కట్టేసే పని ఉండదు.

ఆ కట్టని పక్కన పెట్టి వేరే పని చేసుకుందామని చూశాను. పది నిమిషాలు కూడా కాలేదు. లేచి వెళ్ళి లారీ ఆపించాను. మేనేజరుకి ఫిర్యాదు రాశాను, తప్పు ఏమిటో, ఎవరు చూడకుండా పంపారో, మళ్ళీ అలా జరగకుండా ఏం చేయాలో. కింద సంతకం పెట్టి తేదీ వేశాను. ఆయన చదివి, "చూశావా, అందుకే అన్నా," అని నా కాగితాన్ని నాకే తిరిగి ఇచ్చాడు.