మిరప కల్లం, పాప ఊపిరి

మా పాప గొంతుకు ఊపిరాడే గొట్టం పెట్టిన ఆపరేషన్‌కి సర్కారు ఆరోగ్య కార్డు పనికొచ్చింది. ఇంటికొచ్చాక ఏ కార్డూ పనికిరాలేదు. గొట్టంలోంచి కఫం లాగే మిషను, దానికి రోజూ మార్చాల్సిన సన్న పైపులు, కరెంటు పోతే మిషను ఆగకుండా ఇన్వర్టరు, అన్నీ మేమే కొనుక్కోవాలి. వాడిన పైపు మళ్లీ వాడొద్దన్నారు గుంటూరు డాక్టరుగారు. చెప్పడానికేం, ఆయన సొమ్మేం పోయింది! నా నానుతాడు ఆ మిషను కిందే పోయింది. పోతే పోయింది, మెడకు బరువు తగ్గింది.

చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఆడపిల్లకి ఎంతని పోస్తావని అడిగేవాళ్లు. ఒళ్లు మండిపోయేది. డబ్బు లెక్కేసుకుని ఊపిరి పీలుస్తారా మీరెవరైనా అని మొహానే అడిగేశాను. ఆ తర్వాత రావడం తగ్గించారు. కాఫీల పని తప్పింది నాకు.

అత్తయ్య అలాంటిది కాదు, పాపంటే ప్రాణం. ఆ ప్రేమే కొంప ముంచింది. వచ్చిపోయేవాళ్ల కళ్లు పడ్డాయని, ఒక సాయంత్రం ఉప్పూ ఎండుమిరపకాయలూ పాప చుట్టూ తిప్పి దిష్టి తీసి, వాకిట్లో నిప్పుల మీద వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఆ రోజు ఇల్లంతా కమ్మింది. మేం ముక్కులు మూసుకున్నాం. పాప పీల్చేది ముక్కుతో కాదు కదా, గొట్టంతో. మొహం నల్లబడిపోయింది. నోరు తెరిచి ఏడుస్తోంది, శబ్దం లేదు. గొట్టం పెట్టినప్పటి నుంచీ దాని ఏడుపు ఎవరికీ వినపడదు. మా ఆయన తలుపులు మూశాడు, నేను మిషను పెట్టి లాగుతూనే ఉన్నాను. పాపకు రంగు తిరిగాకే మిషను ఆపాను. అత్తయ్య నిప్పుల మీద బిందెడు నీళ్లు కుమ్మరించి గుమ్మంలో కూలబడింది.

మర్నాడే మా ఇంటి పక్క కల్లంలో కొత్త మిరపకాయ ఎండబోశారు. తిరగేసినప్పుడల్లా ఆ దుమ్ము తిన్నగా పాప గదిలోకే వస్తుంది. కల్లం పొలానికి మార్చమని బావగారిని అడిగాను. ఆయన మా ఆయనకు అన్న, ఉమ్మడి సేద్యమంతా ఆయన చేతిమీదే. పొలంలో అయితే కాపలా మనిషి కావాలి, ట్రాక్టరు బాడుగ దండగ, అసలు ఈ కాయ అమ్మితేనే కదా నీ పైపులు వచ్చేది అన్నారు. అదీ నిజమే. నిజమైతే మాత్రం? ఆ ఖర్చంతా మా వాటాలో కోసుకోమన్నాను. గొంతు లేచిందని నాకూ తెలుస్తోంది.

"పిల్లేమో కిక్కురుమనదు, నువ్వేంటమ్మాయ్ ఊరంతా వినపడేట్టు అరుస్తున్నావు?" అన్నారు.

"దాని అరుపు బయటికి రాదు బావగారూ. దాని బదులు నేను అరుస్తున్నాను."

ఆయన ఇంకో మాట అనేలోపే అత్తయ్య కొంగు ముక్కుకు కట్టుకుని కల్లంలోకి దిగింది. కాయలు గోతంలోకి ఎత్తుతూ, ట్రాక్టరు తీసుకురమ్మని పెద్దకొడుక్కి చెప్పింది.