తిరుపాలమ్మ సాక్షి సంతకం

బార్లో అనే ఇంగ్లీషువాడు మంచివాడని చెప్పేవాళ్లు కువైట్‌లో ఎవరైనా ఉంటే, వాళ్లు అతని కింద పని చెయ్యనివాళ్లే అయివుండాలి. నేను నాలుగేళ్లు చేశాను. అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో అతను ఇంజనీరు, నేను టైపిస్టును. తిరుపాలమ్మ అతనింట్లో వంటమనిషి. ఆమెది లక్కిరెడ్డిపల్లె పక్కన పల్లె. నలభై దాటిన మనిషి, ఎవరికీ జంకదు. నాది నరసాపురం. నేను అందరికీ జంకుతాను.

1990 ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం దిగింది. కొద్దిరోజులకే ఇంగ్లీషువాళ్లను ఏరి పట్టుకుపోవడం మొదలుపెట్టారు. దాచిపెట్టిన వాళ్లకు మరణశిక్ష అని చాటారు. బార్లో సాల్మియా పేటలో ఎవరో వదిలేసిపోయిన మూడో అంతస్తు ఫ్లాట్‌లో నక్కాడు. తిరుపాలమ్మ మధ్యాహ్నం పూట గిన్నె చెంగు కింద పెట్టుకుని సైనికుల ముందు నుంచే నడిచివెళ్లి అతనికి అన్నం పెట్టేది. పప్పులో ఉప్పు తక్కువైందని అప్పుడు కూడా ఆమెను తిట్టాడు, సిగ్గులేని మనిషి.

మనవాళ్లంతా బస్సులెక్కి బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోతున్నారు. అక్కడి నుంచి విమానాలు. తిరుపాలమ్మ మాత్రం కదల్లేకపోయింది, ఆమె పాస్‌పోర్టు బార్లో తోలుసంచిలో ఉంది. అడిగిన ప్రతిసారీ, "నువ్వు పోతే నాకు వండేదెవరు?" అనేవాడు.

సెప్టెంబరు మొదట్లో అతనే బేరానికి వచ్చాడు. నన్ను ఆ ఫ్లాట్‌కు పిలిపించి, ఒక కాగితం మీద తిరుపాలమ్మ సాక్షి సంతకం చేసి, దాన్ని అమ్మాన్‌లో పోస్టు చేస్తానంటే పాస్‌పోర్టు ఇస్తానన్నాడు.

ఆ కాగితం ఇంగ్లండులో అతని ఇంటి అమ్మకం దస్తావేజు. సంగతంతా నాకు తెలుసు. కొనేవాళ్ల లాయరు పంపిన ప్రశ్నలకు జూన్‌లో జవాబులు టైపు చేసింది నేనే. కంచె ఎవరిది? ఇరుగుపొరుగుతో తగాదాలున్నాయా? కర్టెన్లు, తివాచీలు ఇంటితోపాటు ఇస్తారా, తీసుకుపోతారా? ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు ఇంకెవరైనా ఉంటున్నారా? చివరిదానికి బార్లో "లేరు" అని కొట్టమన్నాడు, కొట్టాను. అతని భార్య వేసవికని పిల్లలతో పుట్టింటికి వెళ్లింది. ఇంటికి తాళం వేసే వెళ్లింది గానీ, అది తన ఇల్లే అనుకుంటోంది. ఇల్లు అతని ఒక్కడి పేరు మీదుంది. అమ్మకం సంగతి ముందే తెలిస్తే ఆవిడ తనకూ హక్కుందని అక్కడి ఆఫీసులో నమోదు చేయించుకోవచ్చు. అందుకే ఆవిడ ఫోను చేస్తే ఆ మాట ఎత్తొద్దని వంటమనిషిని కూడా బెదిరించాడు. ఆ దేశంలో ఒప్పంద కాగితాలు మార్చుకునేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. మార్చుకున్నాక ఖలాస్. జూలైలో మార్చుకున్నారు. ఇక మిగిలింది ఈ దస్తావేజు ఒక్కటే.

"నువ్వున్నావు గదా ఆనందబాబూ, నువ్వే చెయ్యొచ్చు గదా సంతకం?" అంది తిరుపాలమ్మ.

దాక్కున్న ఇంగ్లీషువాడి కాగితం మీద నా పేరు సైనికులకు దొరికితే నా గతి ఏమిటి? ఆ భయంతో ఒక ఆడమనిషిని ముందుకు తోశాను. ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమే.

"అక్కా, వాళ్ల దేశంలో సాక్షి అంటే పెద్ద విషయం కాదు. అతను సంతకం పెడుతుంటే చూశానని చెప్పడమే. ఇల్లు ఎవరిది, అమ్మకం సబబేనా అన్నది నీకు పట్టదు" అన్నాను.

"పట్టకపోతే సాక్షెందుకు నాయనా, గోడకు చూపించి చేసుకోమను" అంది. "మా పక్క సాక్షి సంతకం చేసినాడంటే ఇంట్లో అందరికీ సమ్మతమేనని పూచీ పడినట్టు. మా నాయన నాకిచ్చిన రెండంకణాల ఇల్లు మా ఇంటాయన గంగులయ్య అమ్ముకున్న్యాడు. నేను కాన్పుకు పోయిండా. సాక్షి ఎవురనుకున్నావు? మా అన్న ఈశ్వరయ్య. కొన్నోళ్లు నా చట్టీకుండా బయట పారేస్తాంటే నాకు తెలిసింది. మొగుణ్ని అప్పుడే మర్చిపోయినా. మా అన్న మొకం మాత్రం ఈపొద్దుటికీ చూల్లేదు."

బార్లోకు తెలుగు రాదు. "ఏమిటంటోంది? యల్లా, త్వరగా" అని విసుక్కున్నాడు.

"మేడమ్‌కు చెప్పినాడా, అడుగు."

అడిగాను. బార్లో ముఖం కందగడ్డలా అయింది. పనిమనిషికి తన సంసారంతో ఏం పనని అరిచాడు. తోలుసంచిలోంచి పాస్‌పోర్టు తీసి, అగ్గిపెట్టె పక్కన పెట్టుకున్నాడు. ఆ దేశం కాని దేశంలో, ఆ యుద్ధంలో, పాస్‌పోర్టు లేని తిరుపాలమ్మకు దిక్కెవరు? నాకు ఒళ్లు మండిపోయింది. అయినా కాగితం ఆమె ముందుకు జరిపింది నేనే.

"పెడతా, పెన్నియ్యమను" అంది.

బార్లో సంతకం చేశాడు. ఆమె కళ్లార్పకుండా చూసింది. సాక్షి కింద మూడు గీతలున్నాయి: పేరు, చిరునామా, చేసే పని. అంతలో కింద జీపు చప్పుడైంది. నేను పరుగున వెళ్లి కర్టెన్ సందులోంచి తొంగిచూశాను. జీపు ఆగకుండా పోయింది. తిరిగి వచ్చేసరికి ఆమె పెన్నుకు మూత పెడుతోంది. ఐదో తరగతి దాకా చదివింది, తెలుగు గుండ్రంగా రాస్తుంది.

"ఇంత పొడుగా?" అన్నాడు బార్లో.

"విలేజి నేమ్ బిగ్, సార్" అంది. కవరు అంటించి చేతికిచ్చాడు. పాస్‌పోర్టు బల్ల మీదికి విసిరాడు. ఆమె వంగి తీసుకుని చెంగుతో తుడుచుకుంది.

బాగ్దాద్ దాటాక మేమెక్కిన బస్సులో నీళ్లు అయిపోయాయి. అప్పుడు చెప్పింది. "చూసినది చూసినట్టు రాసినా నాయనా. మొదటి గీత మీద నా పేరు. రెండో దాని మీద మా ఊరు. మూడో దాని మీద, 'పెండ్లానికి చెప్పకుండా అమ్ముతున్నాడు, నేను అడిగితే అరిచినాడు' అని."

బార్లో రేపు బతికి బయటపడితే? కంపెనీకి రాస్తే? నా ఉద్యోగం, నా సర్టిఫికెట్లు? "అక్కడ తెలుగు ఎవరు చదువుతారక్కా?" అన్నాను.

"చదివించుకుంటారు. చదివించుకోకుంటే వాళ్ల ఖర్మ. నేనైతే మా అన్న చేసిన పని చెయ్యలేదు."

అమ్మాన్‌లో పోస్టాఫీసు ముందు బిళ్లలు అంటించి ఇస్తానని కవరు తీసుకున్నాను. అంటించాను. డబ్బా వైపు కాకుండా రెండడుగులు వీధి వైపు వేశాను.

తిరుపాలమ్మ వెనక నుంచి వచ్చి కవరు లాక్కుంది. "నీ చేతిలో ఉంటే చింపుతావు" అని, తనే డబ్బాలో పడేసింది.

నిజమే, చింపేసేవాణ్ణే.