పాప పాదం మీద పాకిన గీత

ఈ రోజు గెలిచాను!

పోయిన వారం మా పాప పాదం మీద ఎర్రటి గీత ఒకటి లేచి, రోజూ కాస్త ముందుకు పాకడం మొదలుపెట్టింది.

“గది సర్పి బిడ్డా! తల, తోక కలిస్తే పానం మీదికొస్తది. జర జాజు పూయించు,” అని కింది వాటా యాదమ్మ గారు హడలగొట్టారు.

“ఎర్రమట్టి జాజు పూతలు కాదండీ, డాక్టరుకి చూపిస్తాను,” అని దిల్‌సుఖ్‌నగర్ పరిగెత్తాను.

ఆయన అడిగింది ఒక్కటే, పాప ఇసుకలో ఆడుతుందా అని. ఆడదా మరి! తెలంగాణ బంద్‌లతో బడులు లేక, మా గల్లీ పిల్లలంతా ఎదురింటాయన పోయించిన ఇసుక కుప్ప మీదే ఉంటున్నారు. వీధి కుక్కలు పడుకునేదీ, కానిచ్చేదీ అక్కడే. వాటి కడుపులోని పురుగుల పిల్లలే ఇసుకలోంచి పాప చర్మంలోకి దూరాయట. మాత్రలు వేశాక ఈ రోజుకి గీత మాయమైంది.

యాదమ్మ గారు పాదం తిప్పి తిప్పి చూశారు. నేరుగా ఎదురింటికి పోయి, “ఏందయ్యా, గా ఇసుక మీద ఏమన్న కప్పుతవా, లేదా?” అని అరిచారు. గుంటూరు దాన్ని నేను ఒక కొస, నల్గొండ ఆవిడ ఒక కొస పట్టుకుని టార్పాలిన్ కప్పేశాం.

హైదరాబాద్ ఎవరిదో ఇంకా తేలలేదు గానీ, ఆ ఇసుక కుప్ప కుక్కలది కాదని మాత్రం తేలిపోయింది. మీ గల్లీలో ఇసుక కుప్ప ఎవరిది?