ఇనుము నువ్వు, కర్ర నేను

నిర్మల్ మేస్త్రి పోయాడని ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే పోయాడట. చెప్పడం అయ్యాక కాస్త తటపటాయించి, "అన్నా, మా నాయిన అక్కడ తుపాకులు బాగుజేసిన అని చెప్తుండె. నిజమేనా, కోతలా?" అని అడిగాడు. నిజమే నాయనా అన్నాను. కాకపోతే సగం తుపాకులు.

రియాద్‌లో మలాజ్ పేటలో నాది టైపింగ్ కొట్టు. అఖామా అనే నివాస పర్మిట్ల కాగితాలూ వీసా ఫారాలూ అరబ్బీలో కొట్టి పెడతాను. పక్కది మేస్త్రి పనిచేసిన వడ్రంగి కొట్టు. సౌదీ పెద్దమనుషులు తాతల నాటి సైన్యం తుపాకులు తెచ్చి, అతిథులు కూర్చునే మజ్లిస్ గోడకి తగిలించుకోవడానికి బాగుచేయించుకునేవారు. అవి పేలేవి కావు, లోపలి సూది ఎప్పుడో తీసేసినవే. అయినా పరదేశి చేతిలో తుపాకీ కనబడితే ఇద్దరికీ తిప్పలే. అందుకని మేస్త్రి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మరలు విప్పి ఇనుమంతా యజమాని ఒళ్లో పెట్టి, కర్ర మాత్రం తాను తీసుకునేవాడు. "హదీద్ ఇన్తా, ఖషబ్ అనా" అనేవాడు. ఇనుము నువ్వు, కర్ర నేను. ఆయన అరబ్బీ అంతే. పెద్ద పెద్ద షేకులు ఆ గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని, టీకాల రోజు ఆసుపత్రిలో పిల్లల తల్లుల్లా బుద్ధిగా కూర్చునేవారు.

కర్రకి గరుకు కాగితం తగలనిచ్చేవాడు కాదు. గుంటపడిన చోట తడిగుడ్డ వేసి, పైన వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే కర్ర దానంతటదే ఉబ్బి సమం అయ్యేది. ఆ తర్వాత అరచేత్తో అవిసె నూనె పట్టించడమే. ఆ ఇస్త్రీపెట్టె నాది. ఏళ్ల తరబడి నా చొక్కాలన్నీ అవిసె నూనె కంపు కొట్టాయి. "తుప్పు తియ్యాలె తమ్మీ, వయసు తియ్యొద్దు" అని ఎప్పుడూ అంటుండేవాడు. నేను జుట్టుకి రంగేసుకున్న రోజు కూడా అదే మాట అన్నాడు.

ఇంతలో ప్రతి కొట్లో సౌదీలనీ పెట్టుకోవాలన్న నితాఖాత్ చట్టం వచ్చిపడింది. సౌదీలు లేని కొట్లు ఎర్రరంగు జాబితాలో పడ్డాయి. అక్కడ పడితే అఖామా రెన్యూ కాదు. వడ్రంగి కొట్టూ పడింది. ఉన్న ఇద్దరిలో ఒకరికి దేశం వదిలే ఖురూజ్ వీసా కొట్టి ఇంటికి పంపక తప్పదన్నాడు కొట్టు యజమాని కఫీల్. రెండోవాడు మిషన్ పని తెలిసిన వయసువాడు. మేస్త్రికి అరవై దగ్గర పడ్డాయి, ఊళ్లో ఇంటికి ఇంకా స్లాబు పడలేదు. పైగా నిర్మల్‌కి పోతే మళ్లీ తేలికపాటి పొనికి కర్రతో బొమ్మచిలకలే చెయ్యాలని ఆయన దిగులు.

సరిగ్గా ఆ వారమే కఫీల్ తన ఇంటి తుపాకీ తెచ్చాడు. కొడుకు పెళ్లికి బంధువులంతా వస్తారు. తాత దాన్ని తుర్కు సైనికుడి దగ్గర గుంజుకున్నాడన్న కథ వాళ్లందరికీ కంఠతా వచ్చు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది బాగా చేస్తే మేస్త్రి నిలబడతాడు. ఆయన మరలు విప్పి, ఇనుము కఫీల్ ఒళ్లో పెట్టి, కర్ర లోపలివైపు వాసన చూశాడు. ఉమ్మితో తడిచేసి మళ్లీ చూశాడు.

"ఇనుము ముసలిదే తమ్మీ. కర్రనే తుర్కు తుపాకులకుండే అక్రోటు గాదు, షీషం. మన దిక్కు మంచాలు జేస్తరు దీంతోని."

నూనె రాసి ఇచ్చెయ్యండి, మీకు దండం పెడతాను, నోరు మెదపకండి అని బతిమాలాను.

"కర్ర నాదంటి గద. నాదాని మీద నేనెట్ల అబద్ధమాడుత?" అని, కఫీల్ వైపు తిరిగాడు. "హదీద్ తుర్కీ. ఖషబ్ సరీర్." ఇనుము తుర్కు, కర్ర మంచం.

కఫీల్ గహ్వా కాఫీ గిన్నె కింద పెట్టి, లేచి తలుపు మూశాడు. ఖురూజ్ ఫారం నా కంప్యూటర్లో ఎక్కడుందో కూడా నాకు గుర్తొచ్చింది. కఫీల్ వచ్చి కూర్చుని, ఇనుము మళ్లీ ఒళ్లోకి తీసుకుని, గొంతు తగ్గించి చెప్పాడు, నేను మేస్త్రికి తెలుగు చేశాను. చిన్నప్పుడు గుర్రం ఆట ఆడి ఆ కర్ర విరగ్గొట్టింది తనే. తండ్రి ఒక పెషావరు వడ్రంగి చేత గుట్టుగా కొత్తది వేయించాడు. తాత ఆ సంగతి తెలియకుండానే పోయాడు. ఇన్నేళ్లలో కనిపెట్టింది నువ్వొక్కడివే అన్నాడు. పెళ్లికి వచ్చే తన మేనమామకి మొదటినుంచీ అనుమానమట. దీన్ని పాతదిలా చెయ్యగలవా?

వయసు గురించి మీరు చెప్పే నీతి ఏమైందని నేను ఆటపట్టించాను. "తియ్యొద్దన్న గని, పెట్టొద్దన్ననా?" అన్నాడు మేస్త్రి.

పది రోజులు నల్ల టీ డికాక్షనూ అవిసె నూనే పట్టించాడు. పెళ్లిలో ఆ మేనమామ కర్రని ముక్కుకి ఆనించుకుని, తుర్కు సైనికుడి చెమట వాసన ఇంకా పోలేదన్నాడట. ఆ వాసన నా చొక్కాలకూ ఉంది. మర్నాడే కఫీల్ తన మేనల్లుణ్ణి సౌదీ లెక్క కింద కొట్లో పనికి పెట్టి, ఇద్దరు పనివాళ్లనీ ఉంచుకున్నాడు. గుట్టు తెలిసినవాణ్ణి దేశం దాటనిస్తారా అన్నాడు నాతో. కఫీల్‌కి తెలుగు చదవడం రాదు కనకనే ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను.

పరదేశి పనివాళ్ల మీద లెవీలు పెరిగిన ఏడు, స్లాబు పడ్డాక, మేస్త్రి తనంతట తానే వెళ్లిపోయాడు. వెళుతూ ఇస్త్రీపెట్టె తుడిచి నా చేతికిచ్చాడు. అదింకా నా దగ్గరే ఉంది. ఫోన్ వచ్చిన రోజు దాన్ని వాసన చూసి ఏడ్చాను.

కఫీల్‌కి కబురు చెప్పాను. మర్నాడు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆ తుపాకీతో వడ్రంగి కొట్టుకి వచ్చాడు. మరలు తనే విప్పాడు. ఇనుము ఒళ్లో పెట్టుకుని, కర్రని మేస్త్రి పాత స్టూలు మీద ఉంచాడు.

"హదీద్ అనా," అన్నాడు, అచ్చం మేస్త్రి అరబ్బీలోనే. ఇనుము నేను. రెండో సగం అనలేదు. చీకటి పడేదాకా ఆ స్టూలుకి ఎదురుగా, ఇనుము ఒళ్లో పెట్టుకుని, తన వంతు ఇంకా రానివాడిలా కూర్చున్నాడు.