నన్ను నేను "అండీ" అనుకున్న రోజులు

శిక్షణ కేంద్రంలో మొదటి ఉదయమే, రెండో చుట్టులో పడిపోయాను. మైదానం చుట్టూ ఒక చుట్టు నాలుగు వందల మీటర్లు. చివరి పరీక్షలో అలాంటివి పన్నెండున్నర తిరగాలి. మోచేయి గీసుకుపోయి, నోట్లో మట్టితో అలాగే పడి ఉన్నాను. మిగతా ఆడపిల్లలు పక్క నుంచి దాటిపోతున్నారు. అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ల వాళ్లు, పోటీలో నెగ్గి వచ్చినవాళ్లు. నాకు ఇరవై తొమ్మిది. కానిస్టేబులుగా చేస్తూ మా ఆయన పచ్చకామెర్లతో పోతే, ఆయన ఉద్యోగం బదులు నాకు కారుణ్య నియామకం ఇచ్చారు. అంతకు ముందు బస్సు కోసం కూడా నేను పరుగెత్తి ఎరగను.

వద్దనడానికి వీల్లేదు. ఐదేళ్ల పాపను కోనసీమలో అమ్మ దగ్గర వదిలి వచ్చాను. తొమ్మిది నెలల శిక్షణ. గేటు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. ప్రహరీ అవతలే రోడ్డు. "అమలాపురం, అమలాపురం" అని కండక్టరు అరవడం లోపలికి వినిపించేది. మూడో ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను.

"నా వల్ల కావట్లేదమ్మా. వచ్చేస్తాను."

"వచ్చి ఏం చేస్తావమ్మా? ఇక్కడ మాత్రం ఏముంది?" అంది అమ్మ. కసురుకోలేదు, ఏడుపు ఆపుకుంటూ అంది. అందుకే ఎదురు చెప్పలేకపోయాను.

పరుగు పరీక్ష గడువులోపు పూర్తి చేయకపోతే తర్వాతి బ్యాచ్‌తో కలిసి మళ్లీ మొదటి నుంచీ అన్నారు. అంటే ఇంకో తొమ్మిది నెలలు. ఆ మాట విన్నాక నాకు నిద్రలోనూ ఆ మైదానమే.

పరుగు మొదలయ్యే ముందు బూట్లు కట్టుకుంటుంటే లోపల ఒక గొంతు మొదలయ్యేది. "నడవడమే చేతకాదు, నీకు పరుగొకటా? మొగుణ్ణి మింగినదానివి." ఆ చివరి మాట మా ఆయన కర్మ రోజున మా అత్తగారన్నది. ఆవిడ ఒక్కసారే అన్నారు. తర్వాత రోజూ నేనే అనుకున్నాను.

డ్రిల్లు నేర్పే హెడ్ కానిస్టేబులు గారు మంచాయన. "ఒళ్లు కాదమ్మా, ముందు మనసు అలిసిపోద్ది. నేను పులిని, నాకు అలుపు లేదు అనుకుని దిగండి" అనేవారు. వారం రోజులు పులినని అనుకున్నాను. నాలుగో చుట్టుకి డొక్కలో పోటు వచ్చి, అది అబద్ధమని తేల్చేసేది.

నా పక్క మంచం అమ్మాయిది భీమవరం. రొయ్యల చెరువుల గట్ల మీద పరుగెత్తి నేర్చుకున్న పిల్ల. ఒక ఆదివారం మధ్యాహ్నం కుళాయి దగ్గర ఇద్దరం బట్టలు ఉతుకుతున్నాం.

"ఎవర్నండీ అక్కా, అలాగ తిడుతున్నారు?" అంది.

నేను పైకే గొణుగుతున్నానని అప్పుడు తెలిసింది. "ఎవర్నీ కాదు. నన్నే."

"మొన్న మెస్సులో మీ కంచంలో నీళ్లు ఒలకబోసినావిణ్ణి కూడా పర్లేదండి, కూర్చోండి అన్నారు. మిమ్మల్ని మీరు మాత్రం ఒసే అనుకుంటారేంటి?"

"ఎవరైనా తమని తాము అండీ అనుకుంటారా?"

"అనుకుని చూడండి. పోయేదేముంది?"

సబ్బు చేతులతోనే పడీపడీ నవ్వుకున్నాం.

మర్నాడు బూట్లు కట్టుకుంటూ మనసులో అన్నాను: "లేవండి. మొన్న ఐదు చుట్లు తిరిగారు కదండీ. ఇవాళ ఆరోది చూద్దాం. అలిసిపోతే నడుద్దురుగాని." సిగ్గేసింది. కానీ ఒక తమాషా జరిగింది. అండీ అన్నాక తిట్టు అతకడం లేదు. "మొగుణ్ణి మింగారండీ" అనుకోబోతే నాకే నవ్వొచ్చింది. గొప్పలూ అతకలేదు. ఉన్న మాట ఒక్కటే అతికింది. ఆ రోజు ఆరు చుట్లు తిరిగాను, చివరిది నడిచే.

అలాగని అంతా మారిపోలేదు. ఎనిమిదో చుట్టు దగ్గర నెల రోజులు ఆగిపోయాను. పాపకి జ్వరమని కబురు వచ్చినప్పుడు సెలవు దొరకలేదు. ఆ ఉదయం కూడా పరుగెత్తక తప్పలేదు. "పాపకి తగ్గిపోతుందండీ" అనుకోబోయి ఆగాను. తగ్గుతుందో లేదో నాకు తెలియదు. "మీ అమ్మగారు పాప పక్కనే ఉన్నారండీ" అనుకున్నాను. అది నిజం. దాన్నే పట్టుకుని ఏడుస్తూ తిరిగాను. ప్రహరీ గోడ పక్కనే ఉండేది, ఎన్ని చుట్లు తిరిగినా.

పరీక్ష రోజు పదో చుట్టులో పోటు వచ్చింది. దానితో పాటు పాత గొంతూ వచ్చింది. "ఒసే, పడిపోతావు." నిజంగానే కాళ్లు తడబడ్డాయి. "మీరు కాస్త ఆగండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను ఆ గొంతుతో. ఇంకేం అనుకున్నానో గుర్తులేదు. గీత దాటేసరికి హెడ్ కానిస్టేబులు గారు వాచీ చూసి, "పదకొండు సెకన్లు మిగిలాయమ్మా. పాసయ్యావు" అన్నారు. నేను మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకున్నాను. భీమవరం అమ్మాయి నీళ్లు తెచ్చి నా మొహం కడిగింది.

బయటపడ్డాననుకున్నాను. పోస్టింగు మా ఊరికి దూరంగా వేశారు. పాప మళ్లీ అమ్మ దగ్గరే. శివరాత్రికి పట్టిసీమలో బందోబస్తు వేశారు. పొద్దుటి నుంచీ ఇసుకలో నిలబడి, పడవలు దిగే జనాన్ని వరసలో పంపుతూనే ఉన్నాను. సాయంత్రం డ్యూటీ మారాక రేవు దగ్గర బూత్‌ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ చేతిలోంచి పాప ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నాకు పన్నూడింది. ఇదిగో, చూడు."

నోరు తెరిచి చూపిస్తున్నట్టుంది, కాసేపు మాట లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. వెనక ఇంకొకావిడ ఫోన్ కోసం నిలబడి ఉంది.

"చూశానమ్మా" అన్నాను.