తారుమారైన రంగులు

నా చిన్నప్పుడు బళ్లారి సత్యనారాయణపేటలో ఒక యుద్ధ విమానం ఉండేది. పొడవు మూరెడుకు కాస్త తక్కువ. పక్కింటి అక్క దాన్ని మెత్తటి కట్టెతో చెక్కింది. రెక్కలకు మా నాన్న అంగడిలోని పాత టీ పెట్టె చెక్క కోసింది. అసలు విమానంలో అడుగుంటే మాదాంట్లో అర అంగుళం ఉండాలని, స్కేలు పట్టుకొని ఒకటికి రెండుసార్లు కొలిచేది. పూసిన రంగు ఆరడానికి నోటితో ఊదడం నా ఉద్యోగం. బడిలో మాత్రం, వస్తుప్రదర్శనకు విమానమంతా నేనే చేస్తున్నానని ఊదరగొట్టాను.

అక్క వాళ్ల అన్న వైమానిక దళంలో మెకానిక్కు. పాకిస్తానుతో యుద్ధం ఆగి వారాలైనా ఆయన దగ్గర్నుంచి జాబు లేదు. రెక్కల మీది మూడు రంగుల చక్రంలో ఏది లోపల, ఏది బయట అని అడుగుతూ అక్క ఆయనకే ఉత్తరం రాసింది. మా దగ్గరున్న పేపరు బొమ్మలో అంతా నలుపూ తెలుపే కదా. "మాయన్న జాబు రానీ పాపా. అంతదాకా చక్రం ముట్టొద్దు" అంది. ఆమె ఎదురుచూస్తున్నది రంగుల కోసం మాత్రమే కాదని పదకొండేళ్ల నా బుర్రకు తట్టలేదు. ప్రదర్శనకు ముందురోజు ఆమె కొళాయికి నీళ్లకు పోయినప్పుడు నేనే పూసేశాను. పచ్చ బయట, తెలుపు మధ్యన, కాషాయం లోపల. అక్క చూసి నిట్టూర్చింది. సరైనదేదో ఆమెకూ తెలియదు.

మరునాడు బడి చూడ్డానికి వచ్చినవాళ్లలో పింఛను తీసుకుంటున్న మిలిటరీ ఆయన ఒకరున్నారు. "నోడమ్మా, ఇట్ల చూడు, కాషాయం బయటుండాల, పచ్చ లోపల. ఇట్ల పూస్తే అవతలోళ్లదనుకొని మనోళ్లే కొడతారు" అని నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. విమానానికీ అవమానానికీ ఎంత దగ్గరో అప్పుడే తెలిసింది. చక్రం వేసిందెవరని టీచరు అడిగింది. పొద్దున్నుంచి అంతా నేనే అన్న ఆ నోటితోనే, పక్కింటి అక్క వేసిందని చెప్పాను.

తలెత్తితే అక్క గుమ్మంలో నిలబడి ఉంది.

"ఔను సార్, నేనే" అంది ఆయనతో. "పాప వద్దంటానే ఉండె. తొందరపడింది నేను."

అన్న మిలిటరీలో ఉండాడంట, ఈ మాత్రం తెలీదా అని వెనక నుంచి ఎవరో అన్నారు. అక్క తల వంచుకుంది. మనవాళ్లను కొట్టింది నేనే.

ఇంటిదాకా తిట్ల కోసం ఎదురుచూశాను. ఒక్కటీ పడలేదు. గరుకు కాగితంతో చక్రాలు రుద్దేసి, కుంచె నా చేతిలో పెట్టింది. "ఈసారి నువ్వే పుయ్యి. ఏది యాడుండాలో తెల్సింది గదా."

కాషాయం బయట, తెలుపు మధ్యన, పచ్చ లోపల పూశాను. తప్పు నాదేనక్కా అని మాత్రం అనలేదు.

పది రోజులకు జాబు వచ్చింది. అన్న క్షేమం. రంగుల సంగతీ రాశాడు. అక్క దాన్ని, మేమిద్దరం కొత్తగా వింటున్నట్టే, నాకు చదివి వినిపించింది.

ఇప్పుడు డెబ్భై దాటాయి. అక్క పోయి చాలా ఏళ్లయింది. మా ఇంట్లో కూర మాడినా, పాలు విరిగినా, ఎవరూ అడక్కముందే తప్పు నాదే అంటాను. మా పిల్లలు దాన్ని మంచితనమనుకుంటారు. అక్కకు చెప్పాల్సిన మాటను మాడిన గిన్నెకు చెప్పుకుంటున్నానని వాళ్లకెలా చెప్పను?