వదినకు పడని రొయ్యపొడి

మొన్న మనవరాలిని బడిలో చేర్పించడానికి వెళితే, వాళ్ళిచ్చిన కాగితంలో పిల్లకు ఏయే తిండి పడదో రాయమని ఒక గడి ఉంది. మా కోడలు వేరుశెనగ అని రాసిచ్చింది, టీచరమ్మ మారుమాట లేకుండా తీసుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది, వాళ్ళ మీద కాదు, యాభై ఏళ్ళ కిందటి మా చోడవరం ఇంటి మీద, నా మీద.

మా వదిన కాపురానికి వచ్చిన వారంలోనే ఎండు రొయ్యలు తనకు పడవని చెప్పింది. చిన్నప్పుడు తింటే ఒళ్ళంతా దద్దుర్లు లేచి పెదవులు వాచాయట. వడ్డాది సంత నుంచి వారం వారం ఎండు రొయ్యలు వచ్చే ఇల్లు మాది, వంకాయలోనూ అవే, గోంగూరలోనూ అవే. అలాంటి ఇంట్లో కొత్తకోడలు కంచం పక్కకు జరిపితే మా అమ్మకు అది పొగరుగా కనబడింది. "పడకపోవడవేటే, రొయ్యలేటి ఇసమేటి? ఓపాలి తెలీకండా ఎట్టి సూడు, నాటకం బయటపడిపోద్ది" అంది నాతో. పదహారేళ్ళ దాన్ని, సిగ్గు లేకుండా నవ్వాను కూడా.

వదినకు పడిశం పట్టి వాసన తెలియని రోజు చూసి మరీ, రొయ్యలు వేయించి మెత్తగా దంచింది నేను, తోటకూర పులుసులో కలిపింది అమ్మ. అన్నయ్య చెరకు బళ్ళతో గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళాడు. నాలుగు ముద్దలు తిన్నదో లేదో వదిన గొంతు పట్టుకుంది. మొహం ఉబ్బిపోయింది, ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. "ఇందులో ఏటి కలిపేరు?" అని నన్నే అడిగింది, ఆ తర్వాత మాట రాలేదు. అమ్మ ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని దిష్టి తియ్యడానికి లేచింది. నేను వీధిలోకి పరుగెత్తి రిక్షా పిలిచాను, ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాను.

డాక్టరుగారు సూది వేసి, ఆమె ఊపిరి కుదుటపడ్డాక మమ్మల్ని చెడామడా తిట్టారు. రోగాల నుంచి కాపాడే కాపలావాళ్ళు అందరి ఒంట్లోనూ ఉంటారట, ఈమె ఒంట్లోవాళ్ళు రొయ్యనే దొంగ అనుకున్నారట, చిటికెడు కనబడినా దొంగను తరమబోయి ఇల్లే తగలబెట్టేస్తారట, కాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదట. ఇంత విని కూడా అమ్మ, దిష్టి తీయబట్టే బతికిందని వీధంతా చెప్పుకుంది. పులుసులో రొయ్యపొడి కలిపిన సంగతి మాత్రం అన్నయ్యకు మేము చెప్పలేదు, వదినా చెప్పలేదు.

తన గిన్నెలో తను వండుకుని తినడం ఆనాడే మొదలుపెట్టింది. నా పెళ్ళిలో నా చేత్తో లడ్డూ ఇస్తే నవ్వుతూ అందుకుని కొంగున కట్టుకుంది, తినలేదు. అప్పుడు నాకు కోపమొచ్చింది, చూశారా, నాకు!

ఇప్పుడు అలర్జీ అని కాగితం మీద రాస్తే చాలు, ఊరూ పేరూ తెలియని టీచరమ్మ కూడా నమ్ముతోంది. మంచికాలమే వచ్చింది. మా వదిన మా ఇంట్లో కూర్చుని, మా మొహాలు చూసి, నోరు తెరిచి చెప్పింది. పోయినేడు ఆమె పోయింది. ఒక్కసారి నా చేతి ముద్ద తినవా వదినా అని అడగాలని ఎన్నాళ్ళుగానో అనుకున్నాను, అడిగే మొహం నాకేదీ?